చచ్చినవాని కండ్లు చారెడు

"చచ్చినవాని కండ్లు చారెడు" అన్న సామెతను ముప్పై మూడేళ్ల పాటు పిల్లలకు చెప్పాను. పదవ తరగతి విద్యార్థులకు అది రెండు మార్కుల ప్రశ్న. బతికి ఉన్నప్పుడు పూచికపుల్లపాటి విలువ ఇవ్వని మనిషికి, పోయిన తరువాత లేని గొప్పతనాలన్నీ అంటగట్టడం అని అర్థం రాయించేవాణ్ణి. వాళ్లు రాసేవారు, నేను రెండు మార్కులూ వేసేవాణ్ణి. ఆ సామెతలో ఉన్నది ఎగతాళి ఒక్కటే అని అప్పటి నా నమ్మకం. అందులో ఒక ధర్మసంకటం కూడా దాగి ఉన్నదని తెలిసింది 2018 అక్టోబరులో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో. తెలియజేసినవాడు నా పొరుగింటి ముసలాయన. సందర్భం, నాకు ఓనమాలు కూడా రాని ఫుట్‌బాల్ ఆట.

ఉద్యోగ విరమణ చేసిన ఆ ఏడే మా అబ్బాయి దగ్గరికి వెళ్లి నాలుగు నెలలు ఉన్నాను. వాడు అక్కడ ఆసుపత్రిలో వైద్యుడు. పెర్రీ బార్ అనే పేటలో వాళ్ల ఇల్లు. కొడుకూ కోడలూ పొద్దున్నే పనులకు వెళ్లిపోతే ఇంట్లో నేనూ, నాతో తీసుకువెళ్లిన నాలుగు పుస్తకాలూ మిగిలేవాళ్లం. పెరటి కంచెకు అవతల ఒక పెద్దాయన గులాబీ మొక్కలు కత్తిరించుకుంటూ కనిపించేవాడు. డెబ్బై దాటిన మనిషి. కార్ల విడిభాగాల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. భార్య పోయి ఆరేళ్లయిందని తరువాత చెప్పాడు. నాది పుస్తకాల ఇంగ్లీషు, ఆయనది ఆ ఊరి యాస. మొదటి వారం చిరునవ్వులతోనే గడిచింది. రెండవ వారానికి కంచెకు అటు ఆయన టీ కప్పు, ఇటు నా కాఫీ గ్లాసు చేరాయి. ఎండ ఉన్నా లేకున్నా ఆయన మెడలో ఒక పాత ఉన్ని మఫ్లరు ఉండేది. నేరేడుపండు రంగు, లేత నీలం రంగు చారలు. అవి ఆస్టన్ విల్లా క్లబ్బు రంగులట.

ఆ క్లబ్బు 1874లో పుట్టింది. మన గురజాడ అప్పారావుగారు ఇంకా బాలుడుగా ఉన్న కాలం. ఒక చర్చికి చెందిన క్రికెట్ కుర్రవాళ్లు చలికాలంలో ఊరికే కూర్చోలేక ఫుట్‌బాల్ జట్టు కట్టారు. 1888లో ఇంగ్లండులో మొట్టమొదటి లీగు పోటీలను ఆరంభించిన పన్నెండు క్లబ్బులలో అదీ ఒకటి. అసలు ఆ లీగు ఆలోచనే విల్లా క్లబ్బుకు చెందిన విలియం మెక్‌గ్రెగర్ అన్న పెద్దమనిషిది. ఇదంతా పెద్దాయన నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. నేనూ బుద్ధిగా విన్నాను.

అక్టోబరు 11వ తేదీ సాయంత్రం మా అబ్బాయి ఇంటికి వస్తూనే, "నాన్నా, విల్లా పాత యజమాని డగ్ ఎల్లిస్ పోయాడట. తొంభై నాలుగేళ్లు. పక్కింటాయన ఆ క్లబ్బంటే ప్రాణం పెడతాడు కదా, రేపు ఒకసారి పలకరించు," అన్నాడు. మన పద్ధతి ప్రకారం పరామర్శకు వెళ్లడం నాకు సహజమే. రాత్రి ఇంగ్లీషు వాక్యం ఒకటి కూర్చుకుని, పొద్దున కంచె దగ్గర ఆయనకు అప్పజెప్పాను.

ఆయన నవ్వబోయి ఆగాడు. "మీ మర్యాదకు కృతజ్ఞుణ్ణి. అయితే ఇది పరామర్శించవలసిన విషయమో కాదో రాత్రి నుంచీ నాకే తేలడం లేదు. ఆ మనిషి పోవాలని ఇరవై ఏళ్లు గొంతు చించుకుని అరిచాను. పోవాలంటే క్లబ్బును వదిలి పోవాలని. ఇలా కాదు," అన్నాడు. అని, కత్తెర పక్కన పెట్టి, చాలాసేపు గులాబీల వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ తరువాత రెండు మూడు రోజులు ఆయన చెప్పినదీ, నేను మా అబ్బాయి కంప్యూటరులో చదువుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆట తెలియని మిత్రులకు కూడా ఆ మనిషి ఎటువంటివాడో తెలిస్తేగాని తరువాతి మాట బోధపడదు.

డగ్ ఎల్లిస్ 1924లో చెషైర్ ప్రాంతంలో పుట్టాడు. మూడేళ్ల వయసులోనే తండ్రి పోయాడు. పేదరికంలో పెరిగి, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళంలో పనిచేసి, ఆ తరువాత విహారయాత్రల వ్యాపారంలో దిగాడు. యుద్ధానంతరం ఇంగ్లండులోని మామూలు సంసారులు విమానమెక్కి స్పెయిను సముద్రతీరానికి సెలవులకు పోవడం మొదలైంది. ఆ గాలివాటాన్ని మొదట్లోనే పసిగట్టి లక్షలు గడించినవారిలో ఆయన ఒకడు. మొదట ఊళ్లోని ప్రత్యర్థి క్లబ్బు బర్మింగ్‌హామ్ సిటీ పాలకవర్గంలో ఉన్నాడు. 1968 డిసెంబరులో విల్లాకు ఛైర్మన్ అయ్యాడు. అప్పటికి విల్లా అప్పులతో, ఓటములతో రెండవ డివిజన్ అడుగున కొట్టుమిట్టాడుతున్నది. 1970లో మూడవ డివిజన్‌కు కూడా జారింది. ఆ క్లబ్బు చరిత్రలో అంతకు ముందు అటువంటి అవమానం లేదు.

"అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు," అన్నాడు పెద్దాయన. "ఈ క్లబ్బు మూతపడుతుందనే అనుకున్నాం. అటువంటి రోజుల్లో ఆయన ఏం చేశాడో తెలుసా? పీలేను పిలిపించాడు."

పీలే పేరు నాకూ తెలుసు. 1972 ఫిబ్రవరిలో బ్రెజిల్ దేశపు సాంటోస్ జట్టుతో పాటు పీలే విల్లా పార్క్ మైదానంలో ఆడాడు. బొగ్గుగని కార్మికుల సమ్మె వల్ల దేశమంతా కరెంటు కోతలు. మైదానంలో దీపాల కోసం జనరేటరు అద్దెకు తెచ్చారు. మూడవ డివిజన్‌లో ఉన్న క్లబ్బు మైదానానికి ఆ రాత్రి 54 వేల మందికి పైగా వచ్చారు. విల్లా 2–1తో గెలిచింది. "చీకట్లో మునిగిన ఊళ్లో మా మైదానం ఒక్కటే వెలుగుతున్నది. ఆ వెలుగు ఎవరు తెచ్చారంటే ఆయన పేరే చెప్పాలి. చెప్పకపోతే అబద్ధమాడినట్టు," అన్నాడు పెద్దాయన. ఆ ఏడే విల్లా మూడవ డివిజన్‌ను గెలిచింది. 1974లో ఎల్లిస్ హయాంలోనే రాన్ సాండర్స్ మేనేజరుగా వచ్చాడు. 1975లో లీగ్ కప్పు గెలిచి, మొదటి డివిజన్‌కు తిరిగి వచ్చారు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఆయనకు ఊరిలో విగ్రహమే లేచేది. ముగియలేదు. 1975లో పాలకవర్గం కుమ్ములాటలో ఎల్లిస్ ఛైర్మన్ పదవి పోయింది. 1979 నాటికి పాలకవర్గం నుంచే బయటికి పోవలసి వచ్చింది. విధి వైచిత్రి ఏమిటంటే, ఆయన లేని ఆ కాలంలోనే విల్లాకు మహర్దశ పట్టింది. సాండర్స్ మేనేజరుగా, పద్నాలుగు మంది ఆటగాళ్లతోనే సీజన్ అంతా నెట్టుకువచ్చి, 1981లో ఇంగ్లండు ఛాంపియన్లు అయ్యారు. మరుసటి ఏడు, 1982 మే 26న, నెదర్లాండ్స్ దేశపు రాటర్‌డామ్ నగరంలో జర్మనీకి చెందిన బయర్న్ మ్యూనిక్‌ను 1–0తో ఓడించి యూరోపియన్ కప్పు గెలిచారు. గోలు కొట్టినవాడు పీటర్ విత్. అప్పటికి సాండర్స్ వెళ్లిపోయి, ఆయన సహాయకుడు టోనీ బార్టన్ మేనేజరయ్యాడు.

ఆ ఏడాది చివరలో ఎల్లిస్ తిరిగి వచ్చాడు, మళ్లీ ఛైర్మన్‌గా. యూరప్ కిరీటం తెచ్చిన బార్టన్‌ను 1984లో తొలగించారు. 1987లో విల్లా రెండవ డివిజన్‌కు పడిపోయింది. ఖండాన్ని గెలిచిన అయిదేళ్లకే పతనం! అభిమానుల గుండెల్లో మొదటి శల్యం అది.

తరువాత పంథొమ్మిదేళ్లు ఒక ఉయ్యాల. గ్రేహమ్ టేలర్ వచ్చి మళ్లీ పైకి తెచ్చాడు, 1990లో రెండవ స్థానం. 1993లోనూ రెండవ స్థానమే. 1994లో, 1996లో లీగ్ కప్పులు. 2000లో ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో ఓటమి. ఎప్పుడూ గుమ్మం దాకా రావడం, గడప దాటకపోవడం. దాటించే ఆటగాణ్ణి కొనడానికి ఛైర్మన్ చేతికి ఎముక ఉన్నదని అభిమానుల ఫిర్యాదు. మేనేజర్లు వస్తూ పోతూ ఉండేవారు. కొందరు తామే వెళ్లారు, కొందరిని పంపించారు. రాన్ ఆట్కిన్సన్ దేశంలోని ముగ్గురు మేటి మేనేజర్లలో ఒకడని పొగిడి, కొద్ది వారాలకే, 1994 నవంబరులో, సాగనంపిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. జిమ్మీ గ్రీవ్స్ అనే పాత ఆటగాడు ఆయనకు "డెడ్లీ" అని బిరుదు తగిలించాడు. మన మాటల్లో 'ప్రాణాంతకుడు' అనుకోవచ్చు. ఎల్లిస్ నొచ్చుకున్నాడా అంటే, తన ఆత్మకథకు ఆ పేరే పెట్టుకున్నాడు! కొత్తగా కట్టిన విట్టన్ లేన్ స్టాండుకు కూడా, తాను ఛైర్మన్‌గా ఉండగానే, డగ్ ఎల్లిస్ స్టాండు అన్న పేరు వచ్చింది. బతికి ఉండగానే తన పేరిట శిలాశాసనం వేయించుకున్న రాజులను చరిత్రలో చదివాను కనుక అది నాకు వింతగా తోచలేదు. పెద్దాయనకు మాత్రం ఆ మాట చెప్పేటప్పుడు ముఖం ఎర్రబడింది.

ఆదివారం నన్ను ఆస్టన్ పార్కుకు తీసుకువెళ్లాడు. అక్కడ 1618లో కట్టడం మొదలుపెట్టిన ఆస్టన్ హాల్ అనే ఎర్రని ఇటుక మేడ ఉన్నది. కట్టించినవాడు సర్ థామస్ హోల్ట్. ఆ వంశం పేరుతోనే మైదానంలో అభిమానుల కోట 'హోల్ట్ ఎండ్' వెలసింది. మేడ నుంచి కొద్ది అడుగుల దిగువన విల్లా పార్క్. బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్లు ముందే కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్లుగా పక్కపక్కన నిలబడి ఆట చూసిన స్నేహితులట. ఒకాయన బక్కపలచని మనిషి, బడిపిల్లలను రోడ్డు దాటించే ఉద్యోగం చేసి మానేశాడు. మరొకాయన తలపాగా కట్టిన సర్దార్జీ. జలంధరు నుంచి చిన్నతనంలోనే వచ్చి, కిరాణా కొట్టు నడిపి, కొట్టు కొడుకులకు అప్పగించినవాడు. ముగ్గురికీ మాట ఒక్కటే, చనిపోయిన ఛైర్మన్.

బక్కాయన క్షమించే స్థితిలో లేడు. "మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని ట్రినిటీ రోడ్ స్టాండు మెట్లు ఎక్కేవాడు. 1922లో కట్టిన స్టాండది. ఆ ఇటుక ముఖద్వారం, ఆ మెట్లు ఇంకెక్కడా లేవు. 2000లో దాన్ని నేలమట్టం చేశారు. ఆయన పేరు పెట్టుకున్న స్టాండు మాత్రం నిలిచే ఉంది. చచ్చిపోయాడని నేనిప్పుడు ఏడవాలా?" అన్నాడు.

సర్దార్జీ నెమ్మదిగా తలాడించాడు. "నేనూ 'ఎల్లిస్ దిగిపో' అని అరిచినవాణ్ణే. కాని పగలంతా కొట్టులో కూర్చునేవాణ్ణి కనుక నాకు ఒకటి తెలుసు. ఆయన కాలంలో ఈ కొట్టు ఏనాడూ దివాలా అంచుకు రాలేదు," అన్నాడు.

ఆ మాటతో బెంచీ మీద కాస్సేపు మౌనం. దాని వెనుక ఉన్న కథ ఇది. 2006 నాటికి ఎల్లిస్‌కు ఎనభై రెండేళ్లు. ఆ వేసవిలో ఆటగాళ్ల పేరిట ఛైర్మన్ పిసినారితనాన్ని ఎండగడుతూ ఒక ప్రకటన పత్రికలకు ఎక్కింది. కొద్ది వారాలకే ఆయన క్లబ్బును రాండీ లెర్నర్ అనే అమెరికా సంపన్నునికి 6.26 కోట్ల పౌండ్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. అందులో ఆయన సొంత వాటాకు రెండు కోట్ల పౌండ్ల పైచిలుకు దక్కింది. అభిమానులు పండుగ చేసుకున్నారు. ముడి విప్పిన సంచీతో వచ్చిన కొత్త యజమాని మొదట్లో ధారాళంగానే ఖర్చు పెట్టాడు. 2008 నుంచి వరుసగా మూడేళ్లు ఆరవ స్థానం. ఆపైన చేయి బిగిసింది, జట్టు కుంగింది. 2016లో కేవలం 17 పాయింట్లతో అట్టడుగున నిలిచి, ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయింది. తరువాత వచ్చిన చైనా యజమాని టోనీ షియా కాలంలో, 2018 వేసవి నాటికి, పన్ను బకాయి సకాలంలో కట్టలేని దుస్థితి. ఆ జులైలో కొత్తవారు పెట్టుబడితో వచ్చి ఆదుకోకపోతే ఏమయ్యేదో. ఎల్లిస్ ఈ భాగవతమంతా చూసే కన్నుమూశాడు.

"అప్పట్లో ఆయన పైసాకు పైసా లెక్క చూస్తుంటే పిసినారి అన్నాం. తాళాలు తీసిపెట్టినవాళ్లు వచ్చాక గాని, తాళం వేసేవాడి విలువ తెలియలేదు," అన్నాడు సర్దార్జీ.

"తాళం వేశాడు సరే. లోపల మమ్మల్ని కూడా పెట్టి వేశాడు కదా," అన్నాడు బక్కాయన.

పెద్దాయన ఇద్దరి వంకా చూసి, "ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదే నా బాధ," అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "మీ దేశంలో ఇలాంటివాడు పోతే మీరేం మాట్లాడతారు?" అని అడిగాడు.

"పోయినవారిని గురించి మంచి మాత్రమే మాట్లాడతాం," అన్నాను, కొంచెం గర్వంగానే. "మరి మిగతాది ఏం చేస్తారు?" అన్నాడాయన. వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లు మరుగున పడి ఉన్న ఒక సంగతి లేచి కూర్చున్నది.

నేను ఉద్యోగ జీవితం ఆరంభించినది ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలో. ఊరి పేరు, బడి పేరు అక్కరలేదు. ఆ బడి కరస్పాండెంటుగారు పెంకుటింటి వసారాలో నలభై మంది పిల్లలతో మొదలుపెట్టి, రెండంతస్తుల భవనం దాకా తెచ్చిన మనిషి. చుట్టుపక్కల ఏడెనిమిది గ్రామాలలో అక్షరం నేర్చిన ఆడపిల్ల ఉన్నదంటే ఆయన చలవే. ఎయిడెడ్ పోస్టులు రాని ఉద్యోగుల చేత ఒక మొత్తానికి సంతకం పెట్టించి, అందులో సగం చేతిలో పెట్టినవాడూ ఆయనే. మా నాయన చివరి రోజుల్లో రెండు రోజుల సెలవు అడిగితే, పరీక్షల సమయమని కాదన్నాడు. నేను వెళ్లేసరికి అన్నీ అయిపోయాయి.

ఆయన 1998లో కాలం చేశాడు. సంతాప సభకు తీర్మానం రాయవలసినది సహజంగా తెలుగు పండితుడే. రాశాను. 'విద్యాదాత', 'కరుణామూర్తి', 'ఉద్యోగుల పాలిటి కల్పవృక్షం' అని సమాసాలు గుప్పించి, గంభీరంగా చదివాను. సభ చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తు వచ్చి ఆగింది. ఆ సాయంత్రం మా అటెండరు సైకిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పద్దెనిమిదేళ్లు సగం జీతానికి పనిచేసినవాడు. "బాగా రాశారు మాస్టారూ. ఆయన కరుణామూర్తి అయితే మరి మాకు జరిగిందంతా ఏంటండీ?" అన్నాడు. కోపంగా అనలేదు. నేను ఏదో గొణిగి తప్పుకున్నాను.

బర్మింగ్‌హాములో అర్ధరాత్రి నాకు అర్థమైనది ఇదీ. నేను చేసిన తప్పు చనిపోయినవారిని పొగడడం కాదు. ఆ పొగడ్తతో, బతికి ఉన్నవాడు పడిన కష్టం అసలు జరగనే లేదని సాక్ష్యం చెప్పాను. చారెడు కళ్లు గీస్తే గీశాను, ఆ కళ్లు ఎవరిని చూడలేదో ఆ మనిషిని చిత్రపటం నుంచే చెరిపేశాను. బెంచీ మీది ముగ్గురు ముసలివాళ్లు ఆ పని చేయలేదు. పీలే వచ్చిన రాత్రినీ దాచలేదు, కూల్చిన మెట్లనూ దాచలేదు. ఒకరి మాట ఒకరు కాదనలేదు, ఒప్పుకోనూ లేదు.

మన కావ్యాలలో ఈ సంగతి లేదా అని వెతుక్కున్నాను. వ్యాజస్తుతి అని ఒక అలంకారం పాఠం చెప్పేవాణ్ణి. పైకి నింద, లోపల స్తుతి; లేదా పైకి స్తుతి, లోపల నింద. కాని ఆ ముగ్గురిదీ వ్యాజస్తుతి కాదు. వారి మాటలో వ్యాజమే లేదు. నింద నిందే, స్తుతి స్తుతే, రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. అప్పుడు యుద్ధకాండ గుర్తుకు వచ్చింది. రావణుడు కూలిన తరువాత అతనికి అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు వెనుకాడతాడు. వైరం మరణంతో తీరిపోతుందని రాముడు నచ్చజెబుతాడు. ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చెప్పానో! అయినా ఒక సూక్ష్మం నా కంటికి ఆనలేదు. రాముడు రావణుని అధర్మాన్ని కప్పిపుచ్చలేదు. అదే నోటితో అతని పరాక్రమాన్నీ ఒప్పుకున్నాడు. విభీషణుని తమ్ముడిగా సంస్కారం చేయమన్నాడే గాని, అన్నగారు ధర్మాత్ముడని చదవమనలేదు. సంస్కారం వేరు, సాక్ష్యం వేరు. నేను రెంటినీ కలిపివేశాను.

మరి ఆ ముగ్గురికి సాధ్యమైనది నాకు ఎందుకు కాలేదు? వారికి ఛైర్మన్ దగ్గర జీతం లేదు, చుట్టరికం లేదు, అది ఒక కారణం. ఇంకొకటి ఉన్నది. యజమాని చేతిలో వాటాలు ఉంటాయి, అభిమాని చేతిలో సంవత్సరాలు ఉంటాయి. యజమాని అమ్ముకుని వెళ్లిపోగలడు, అభిమాని ఎవరికి అమ్మగలడు? నాన్న భుజాలు, మొదటి జీతంతో కొన్న టిక్కెట్టు, పెళ్లాంతో మొదటి తగవు, అన్నీ ఆ మైదానంలోనే ఉన్నాయి. వాటన్నిటి మీదా, ఇష్టమున్నా లేకున్నా, ఆ ఒక్క మనిషి నీడ పడి ఉన్నది. అతణ్ణి పూర్తిగా తెగనాడితే తమ యౌవనంలో సగం తీసిపారేయాలి. పూర్తిగా కొనియాడితే తమ కోపమంతా పొరబాటని ఒప్పుకోవాలి. రెండూ చేయలేక, ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నారు.

అక్టోబరు 20న పెద్దాయన ఆటకు వెళ్లాడు. కొత్త మేనేజర్ డీన్ స్మిత్‌కు అది మొదటి ఆట. స్వాన్సీ మీద 1–0తో గెలిచారు. మరునాడు కంచె దగ్గర చెప్పాడు: "ఒక ఎదుటి ఆటగాడు మమ్మల్ని తప్పించుకుని దూసుకువచ్చాడు. పాత అలవాటు కొద్దీ లేచి, ఛైర్మన్లు కూర్చునే వైపు చెయ్యెత్తి తిట్టబోయాను. పన్నెండేళ్ల నుంచీ ఆయన అక్కడ యజమానిగా లేడు. నాకు తెలుసు. అయినా చెయ్యి లేచింది. తిట్టడానికి ఎవరూ లేరని అప్పుడు తెలిసింది. కూర్చున్నాను." అంతే అన్నాడు. నేనూ అంతకు మించి అడగలేదు.

నేను తిరిగి వచ్చాక కూడా మా అబ్బాయి ఫోనులో అప్పుడప్పుడు ఆయనతో మాట్లాడిస్తూనే ఉన్నాడు. 2019లో విల్లా మళ్లీ ప్రీమియర్ లీగ్‌కు చేరింది. 2024లో నాలుగవ స్థానం సంపాదించి, యూరప్ అగ్రశ్రేణి పోటీలో అడుగు పెట్టింది. ఆ అక్టోబరు 2న, మనకు గాంధీ జయంతి నాడు, విల్లా పార్క్‌లో అదే బయర్న్ మ్యూనిక్‌ను అదే 1–0తో ఓడించారు. మరునాడు ఆయన గొంతు బొంగురుపోయి ఉన్నది. రాటర్‌డామ్ గురించి, నలభై రెండేళ్ల నిరీక్షణ గురించి చెప్పి చెప్పి, చివరికి, "డగ్ చూసి ఉంటే టిక్కెట్ల డబ్బు ఎంత వచ్చిందని అడిగేవాడు," అని నవ్వాడు. ఆ నవ్వులో ఎంత పాలు కోపమో, ఎంత పాలు ప్రేమో విడదీయడం నా వ్యాకరణానికి అందలేదు.

ఆ రాత్రి నేను పాత కాగితాలు వెతికి, 1998 నాటి సంతాప తీర్మానం ప్రతిని బయటికి తీశాను. సమాసాలన్నీ కొట్టివేసి, మళ్లీ రాశాను. మూడే వాక్యాలు వచ్చాయి. "వీరు లేకపోతే ఈ బడి లేదు. వీరి చేతిలో ఈ బడి ఉద్యోగులు సగం జీతానికి పనిచేసి, పూర్తి జీతానికి సంతకం చేశారు. ఈ రెండింటినీ మరువని మేము వీరికి నమస్కరిస్తున్నాము."

మా అటెండరు పోయి తొమ్మిదేళ్లయింది. ఈ తీర్మానం అతనికి చదివి వినిపించవలసినది. అతని కొడుకు మా పక్క ఊళ్లోనే ఉన్నాడని తెలిసి, ఈ టపా మొదలుపెట్టే ముందు వెళ్లి ఇచ్చి వచ్చాను. అతను నిలబడే చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "కూర్చోండి మాస్టారూ, కాఫీ తాగి వెళుదురుగాని," అన్నాడు.